తంగేడు మీద తుమ్మెద: దగ్గరి ఫొటోలపై పాఠకుల ప్రశ్నలు

బతుకమ్మ నెల కదా, ఈసారి ఉత్తరాలన్నీ పూల చుట్టూనే తిరిగాయి. ఏ లెన్స్ కొనాలని అడిగినవారు చాలామంది ఉన్నారు. దానికీ జవాబు ఉంది గానీ, అంతకన్నా ముందు పువ్వు విచ్చే వేళ, దాని మీద వాలే పురుగు చేసే పని తెలియాలి. అవి తెలిసినవారికి చిన్న ఫోన్ కూడా పనికొస్తుంది.

ప్రశ్న: ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దున తొమ్మిదింటికి తంగేడు పూలు తీశాను. కెమెరా తెర మీద బాగానే కనిపించాయి. ఇంటికొచ్చి పెద్దగా చేసి చూస్తే రేకులన్నీ కలిసిపోయి పసుపు ముద్దలా ఉన్నాయి, ఈనెలు ఒక్కటీ లేవు. ఫోకస్ తప్పిందా?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఫోకస్ తప్పలేదు, వెలుగు ఎక్కువైంది. పసుపు రేకు ఎరుపునూ పచ్చనూ వెనక్కి పంపి నీలాన్ని మింగేస్తుంది. చుట్టూ ముదురు ఆకులు ఉండటంతో కెమెరా మీటరు అంతా చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది. అప్పుడు మొదట నిండి పొర్లేది ఎరుపు ఛానెల్. పొర్లిన చోట ఈనెల గీతలు నమోదే కావు కాబట్టి తరువాత కంప్యూటర్‌లో ఎంత తగ్గించినా తిరిగి రావు.

మామూలు తెల్ల హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) మూడు రంగులనూ కలిపి చూపిస్తుంది, అందుకే అందులో ఈ తప్పు కనబడదు. మెనూలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గీత కుడి గోడకు తగలకుండా చూడండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (వెలుగు సర్దుబాటు) నీడలోనైతే మైనస్ 0.7, ఎండలోనైతే మైనస్ 1.3 దగ్గర మొదలుపెట్టండి. ఫైలు ‘రా’ (RAW, కెమెరా కుదించకుండా దాచే రకం) లోనే ఉండాలి. వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల సర్దుబాటు) ‘షేడ్’ గుర్తులో పెడితే ఎరుపు ఇంకా పెరుగుతుంది, డేలైట్‌లో ఉంచండి. ఫోన్‌లోనైతే పువ్వు మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి.

అన్నిటికన్నా మేలైన పని, పువ్వుకూ ఎండకూ మధ్య తెల్ల పంచె ముక్క పట్టుకోవడం. ఒకరు పట్టుకుంటే ఒకరు తీయవచ్చు. మెత్తటి వెలుగులో తంగేడు రేకు అంచుల ముడతలు, దాని మీది గోధుమరంగు ఈనెలు ఎంత అందంగా వస్తాయో ఒక్కసారి తీసి చూడండి. మందారం, బంతి పూలకూ ఇదే పద్ధతి.

ప్రశ్న: తంగేడు మీద నల్ల తుమ్మెదలు వాలుతున్నాయి. వాలగానే గట్టిగ జుమ్మంటయి, రెండు సెకండ్లు కూడా ఆగవు. యాభై ఫొటోలు తీస్తే ఒక్కటి కూడా సాఫ్‌గ రాలె. ఏం జేయాలె?
– పరకాల పాఠకుడు

జవాబు: ఆ జుమ్మనడమే మీకు దొరికిన ఆధారం, దాన్ని పట్టుకోండి.

తంగేడు పువ్వులో తేనె లేదు. తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసమే. చాలా పూలలో పరాగకోశం నిలువునా చీలి పుప్పొడి బయటపడుతుంది, ఎవరు తాకినా అంటుకుంటుంది. తంగేడులో అలా కాదు. కోశం కొనన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది, ఉప్పు డబ్బా మూతలాగా. కదిపితేనే రాలుతుంది. తుమ్మెద కేసరాలను కాళ్లతో పట్టుకుని, ఒళ్లు వంచి, రెక్కలు ముడిచి, ఎగరడానికి వాడే కండరాలనే సెకనుకు కొన్ని వందల సార్లు అదిలిస్తుంది. అప్పుడు రంధ్రాల్లోంచి పొడి చిమ్ముతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. అందుకే అది తంగేడు మీదికి వచ్చినా రేకుల మీద రాలిన పొడిని ఏరుకుంటూ తిరుగుతుంది. పువ్వు మధ్యలో కేసరాలను గమనించండి. అన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని పొట్టిగా తుమ్మెద నోటి ముందుకు వస్తాయి, కొన్ని పొడుగ్గా వంకరగా దాని ఒంటిని తాకుతాయి. పొట్టివి దానికి తిండి, పొడుగువాటి పొడి పక్క పువ్వుకు చేరే సరుకు.

ఇక ఫొటో. ఎగురుతున్నప్పుడు వచ్చే మోత మందంగా ఉంటుంది, కేసరాలను అదిలించేటప్పుడు స్వరం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ మార్పు వినగానే నొక్కాలి. ఆ క్షణంలో తుమ్మెద రెక్కలు ముడిచి ఒక్కచోటే ఉంటుంది కాబట్టి, రెక్కలు కొట్టుకునేటప్పటి కన్నా స్పష్టంగా వస్తుంది. తుమ్మెద వెంట కెమెరాతో పరుగెత్తకండి. పొద్దున కొత్తగా విచ్చిన పువ్వు ఒకటి ఎంచుకుని, దాని కేసరాల మీద మాన్యువల్ ఫోకస్ పెట్టి, కెమెరా కదలకుండా అక్కడే ఉండండి. కొమ్మ మీద పూలన్నీ వరసగా చూసుకుంటూ పోవడం వాటి అలవాటు, మీ పువ్వు వంతూ వస్తుంది.

సహజ వెలుగులోనైతే షట్టర్ 1/1000 సెకను, ఎఫ్/8 (ఇది అపెర్చర్, అంటే లెన్స్ రంధ్రం అంకె; అంకె పెరిగితే రంధ్రం చిన్నది), ఐఎస్‌ఓ (సెన్సార్ చురుకు) 1600. ఫ్లాష్ ఉంటే షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్‌ఓ 400, ఫ్లాష్ శక్తి 1/16. ఫ్లాష్‌తో కదలికను ఆపేది షట్టర్ కాదు, మెరుపు నిడివి. శక్తి తగ్గిస్తే ఆ నిడివి సెకనులో వేలవ వంతు కన్నా బాగా తక్కువకు పడిపోతుంది. పూర్తి శక్తిలో పెడితే మెరుపు సాగి రెక్కలు మసకబారతాయి.

తుమ్మెద ఒళ్లు నల్లటి అద్దం. ఫ్లాష్ నేరుగా పడితే వీపు మీద తెల్ల చుక్క, మిగతాదంతా చీకటి. ఫ్లాష్‌కు, పువ్వుకు మధ్య ఏ4 కాగితమంత బటర్ పేపర్‌ను వంచి పెట్టండి. అది పువ్వుకు ఎంత దగ్గరైతే వెలుగు అంత మెత్తన. ఒంటి మీద ఆ కాగితం ఆకారమే మెరుస్తుంది కాబట్టి ముడతలు లేకుండా చూడండి. చివరిగా, తుమ్మెద పొడవు మీ సెన్సార్‌కు సమాంతరంగా ఉన్నప్పుడు తీయండి. ఎదురుగా తీస్తే కళ్లకు ఫోకస్, వీపుకు మసక. తప్పదనుకుంటే కళ్లనే ఎంచుకోండి.

టమాటా, వంకాయ పూలు కూడా ఇదే జాతి పని కోరతాయి. వాటి మీద నీలి చారల తేనెటీగ వస్తుంది, పొట్ట మీద నెమలి రంగు పట్టీలుంటాయి. అది తుమ్మెద కన్నా తొందరపడే మనిషి, షట్టర్ 1/2000 అయినా చాలదు.

ప్రశ్న: నా ఫోన్‌లో మాక్రో అని వేరే కెమెరా ఉంది, 2 మెగాపిక్సెల్. పత్తి పువ్వు తీస్తే ఏమీ తేలడం లేదు. ఫోన్ మార్చాల్నా?
– రైతు, శాయంపేట

జవాబు: ఫోన్ మార్చకండి, ఆ మాక్రో బటన్ వాడటం మానండి. ప్రధాన కెమెరాలో 2 రెట్ల జూమ్ పెట్టి, ఫోకస్ దొరికేదాకా వెనక్కి జరిగి తీసి, తరువాత కత్తిరించుకుంటే అంతకన్నా ఎంతో స్పష్టంగా వస్తుంది. ఇంకా దగ్గర కావాలంటే క్లిప్పు లెన్స్ దొరుకుతుంది. దాన్ని సరిగ్గా ప్రధాన కెమెరా కన్ను మీదే బిగించాలి, అర మిల్లీమీటరు పక్కకు పోయినా మూలలు నల్లబడతాయి. ఫోన్ కవరు తీసేసి బిగించండి. ఫోకస్‌ను తెర మీద వేలితో వెతకొద్దు, లాక్ చేసి ఫోన్‌నే ముందుకూ వెనక్కీ జరుపుతూ పది ఫొటోలు వరసగా తీయండి.

పత్తి పువ్వు పొద్దున విచ్చేటప్పుడు లేత మీగడ రంగు, మరునాటికి గులాబీ. పుప్పొడి గరుకుగా, జిగటగా కేసర స్తంభం మీద కనబడేది మొదటి రోజు పొద్దున, తొమ్మిది లోపే. గులాబీ రంగు పువ్వులో పని అయిపోయింది. ఇంకొక మాట, మీ చేను కాకపోతే ఎప్పుడు మందు కొట్టారో అడిగి దిగండి. మొహం పువ్వుకు జానెడు దూరంలో పెట్టే పని ఇది.

ప్రశ్న: 1:1 మాక్రో లెన్స్, 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరా ఉన్నాయి. పుప్పొడి రేణువు మీది ముళ్లు కనిపించాలి. ఎఫ్/16 పెట్టి తీసినా పొడి పొడిగానే ఉంది. పిల్లలకు చూపించాలని కోరిక.
– వృక్షశాస్త్రం అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: మంచి కోరిక. అయితే ఎఫ్/16 దగ్గరే పని చెడింది. లెక్క చూడండి.

మీ సెన్సార్ వెడల్పు సుమారు 23.5 మి.మీ., అందులో 6,000 పిక్సెళ్లు. అంటే ఒక్కో పిక్సెల్ 3.9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1:1లో, అంటే పువ్వు అసలు సైజులోనే సెన్సార్ మీద పడినప్పుడు, పువ్వు మీది 3.9 మైక్రాన్లు ఒక పిక్సెల్‌లో కూర్చుంటాయి. పొద్దుతిరుగుడు పుప్పొడి రేణువు 30 మైక్రాన్లకు అటూఇటూ, అంటే ఎనిమిది పిక్సెళ్లు. అందులో ముళ్లు ఎక్కడ కనిపిస్తాయి? మందారం రేణువు సుమారు 150 మైక్రాన్లు, దాదాపు 38 పిక్సెళ్లు. కాబట్టి ముందు పువ్వు మార్చండి. మందారం, పత్తి, గుమ్మడి, ఈ మూడింటి రేణువులూ పెద్దవి, ముళ్లున్నవి.

రెండోది వివర్తనం, అంటే సన్న రంధ్రం గుండా వెళ్లిన వెలుగు చెదిరి పరుచుకోవడం. దగ్గరి ఫొటోలో లెన్స్ మీద రాసిన ఎఫ్ అంకె నిజం కాదు. దాన్ని (1 + పెద్దది చేసే రెట్లు)తో గుణించాలి. 1:1లో ఎఫ్/16 నిజానికి ఎఫ్/32. అక్కడ ఒక్కో చుక్క సెన్సార్ మీద 40 మైక్రాన్లకు పైగా పరుచుకుంటుంది. పొద్దుతిరుగుడు రేణువు దానికన్నా చిన్నది! ఎఫ్/4కు తెరిస్తే నిజమైన అంకె ఎఫ్/8, చుక్క 11 మైక్రాన్లు. మందారం ముళ్లు 10 నుంచి 20 మైక్రాన్ల పొడవు కాబట్టి రేణువు అంచున నూగులా కనబడటం మొదలవుతుంది. అయితే ఫోకస్ లోతు (స్పష్టంగా వచ్చే మందం) 0.3 మి.మీ. మాత్రమే మిగులుతుంది. దాన్ని చాలా ఫొటోలు కలిపి పూడ్చుకోవాలి తప్ప అపెర్చర్ మూసి కాదు.

ముళ్లు ఒక్కొక్కటీ విడిగా కావాలంటే మీ కళాశాల మైక్రోస్కోపే దారి. 4 రెట్ల ఆబ్జెక్టివ్ (స్లైడు వైపుండే లెన్స్) వాడండి, దాని మీద 0.10 అని ఉంటుంది. అది మూడు నాలుగు మైక్రాన్లను విడదీస్తుంది. 40 రెట్లది వద్దు, లెన్స్ స్లైడును తాకేంత దగ్గరవుతుంది, వెలుగు పెట్టడానికి చోటుండదు. చేసే తీరు ఇది: పొద్దున విచ్చిన మందారం పరాగకోశాన్ని పట్టకారుతో తుంచి, నల్ల కాగితం ముక్క మీద చిటికెడు బంకతో నిలబెట్టండి. నీళ్లు వేయొద్దు. నీరు తగిలితే రేణువులు ఉబ్బి పగిలిపోతాయి. కింది బల్బు ఆర్పి, రెండు చిన్న ఎల్‌ఈడీ దీపాలను రెండు పక్కల నుంచి, టేబుల్ టెన్నిస్ బంతిని సగానికి కోసిన డొప్ప గుండా వెలుగు పడేలా పెట్టండి. డొప్ప పైన ఆబ్జెక్టివ్ దూరేంత రంధ్రం చేయాలి. ఇక్కడ ఫోకస్ లోతు 55 మైక్రాన్ల లోపే. సన్న ఫోకస్ చక్రం మీద గీతలుంటాయి, చాలా మైక్రోస్కోపుల్లో ఒక గీత 2 మైక్రాన్లు. పదిహేను గీతలు తిప్పండి, ఆగండి, ఫొటో. ఒక మిల్లీమీటరు లోతున్న కోశానికి ముప్పైకి పైగా ఫొటోలు పడతాయి. ఫ్యాన్ ఆపండి, షట్టర్‌కు రెండు సెకండ్ల టైమర్ పెట్టండి, ఎవరినీ బల్ల మీద చేయి ఆనించనివ్వకండి. ఫోన్‌ను ఐపీస్‌కు ఆనించి తీసినా పిల్లలకు చూపించే బొమ్మ వస్తుంది.

కెమెరానే ఆ ఆబ్జెక్టివ్‌కు బిగించాలనుకుంటే, 160 అని రాసి ఉన్న పాత రకం ఆబ్జెక్టివ్ తీసుకోండి. దాని భుజం (మర ఆగే అంచు) నుంచి సెన్సార్ దాకా 150 మి.మీ. దూరం వచ్చేలా ట్యూబులు పేర్చాలి. ఇన్ఫినిటీ గుర్తు (∞) ఉన్నదైతే మధ్యలో ఇంకో లెన్స్ లేకుండా పని చేయదు.

ప్రశ్న: 18-55, 55-250 లెన్సులు ఉన్నాయి. మాక్రో లెన్స్ కొనే స్తోమత లేదు. క్లోజప్ ఫిల్టరా, ట్యూబులా, రివర్స్ రింగా?
– మహబూబాబాద్ పాఠకురాలు

జవాబు: మీకు 55-250 ఉంది కాబట్టి ప్లస్ 8 క్లోజప్ లెన్స్ (లెన్స్ ముందు బిగించే భూతద్దం లాంటిది). రేనాక్స్ డీసీఆర్-250 ఆ రకమే. లెక్క తేలిక: 250 మి.మీ. దగ్గర 250 × 8 ÷ 1000 = 2 రెట్లు. 100 మి.మీ. దగ్గర 0.8 రెట్లు. ఎంత జూమ్ చేసినా పువ్వుకు దూరం 12 సెం.మీ. దగ్గరే ఉంటుంది, పురుగు బెదరదు. ఒక్క గాజు బిళ్లతో వచ్చే చవక ఫిల్టర్లలో నల్ల రెక్క అంచున ఊదారంగు గీత పడుతుంది, వాటికి డబ్బు పెట్టవద్దు.

ట్యూబులు (కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు) 50 మి.మీ. లెన్స్‌కు బాగుంటాయి: 12, 20, 36 మూడూ కలిపితే 68, దాన్ని 50తో భాగిస్తే 1.36 రెట్లు. కానీ లెన్స్ ముందు నాలుగైదు సెంటీమీటర్లే మిగులుతుంది, నీడ పడుతుంది. కొంటే విద్యుత్ కాంటాక్టులున్నవే కొనండి, లేకపోతే అపెర్చర్ మార్చలేరు. రివర్స్ రింగ్ (లెన్స్‌ను తిరగేసి బిగించే రింగు) అన్నిటికన్నా చవక, రాలిన పువ్వుల మీద చేయి తిరగడానికి బాగుంటుంది. పురుగుల కోసం మాత్రం వద్దు.

ప్రశ్న: గునుగు పువ్వును ఫొటోలు కలిపి (స్టాకింగ్) చేస్తే పక్కన నీడల్లాంటి రెండో గీతలు వస్తున్నాయి.
– జనగామ పాఠకుడు

జవాబు: ఫొటోకు ఫొటోకు మధ్య గునుగు ఊగింది. సన్న కాడ మీద బరువైన వెన్ను, ఊపిరికే కదులుతుంది. కోసి ఇంటికి తెచ్చుకోండి, గునుగు తొందరగా వాడదు. ఇసుక నింపిన సీసాలో కాడ గుచ్చి, బట్టల క్లిప్పును ఒక పుల్లకు కట్టి దానితో వెన్ను కింద పట్టించండి. సగం రెట్ల దగ్గర, ఎఫ్/8లో ఫోకస్ లోతు 1.9 మి.మీ. ఫొటోకు ఫొటోకు ఫోకస్‌ను అందులో మూడింట రెండు వంతులు మాత్రమే జరపాలి, అంటే 1.3 మి.మీ. ఒకటిన్నర సెంటీమీటరు మందానికి పన్నెండు ఫొటోలు. ముందొకటి వెనకొకటి అదనంగా తీయండి. పికోలే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

బయట బతికున్న పురుగును ఇలా కలపాలంటే ఒకటే వేళ. నీలి చారల తేనెటీగల్లో మగవి సాయంత్రం సన్న పుల్లలను దవడలతో కరచుకుని వరసగా నిద్రపోతాయి. చీకటి పడే ముందు చోటు గుర్తు పెట్టుకుని, మరునాడు సూర్యోదయానికి ముందే వెళ్తే, వెచ్చబడేదాకా కదలవు.

ప్రశ్న: పగటిపూట తీసినా వెనకంతా నల్లగా, రాత్రి తీసినట్టు వస్తోంది.
– భూపాలపల్లి

జవాబు: ఫ్లాష్ వెలుగు జానెడు దూరంలోని పువ్వుకు చేరుతుంది, రెండు గజాల వెనకున్న పొదకు చేరదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. ఐఎస్‌ఓ 800కు పెంచి ఫ్లాష్ తగ్గించండి, లేదా పువ్వు వెనక జానెడు దూరంలో ఒక పచ్చటి టేకాకు పట్టుకోండి.

ప్రశ్న: బతుకమ్మ అయినంక పూలుండవు కదా, మళ్లీ ఏడాది దాకా ఆగాలా?
– జన్నారం

జవాబు: ఆగే పనే లేదు. తంగేడు తరువాత కంది పూత. దాని మీద ఆకులు కత్తిరించే తేనెటీగ వస్తుంది. మిగతా తేనెటీగలు పుప్పొడిని కాళ్లకు పూసుకుంటే, ఇది పొట్ట కింది వెంట్రుకల్లో నింపుకుంటుంది. కంది పువ్వు మీద వాలి పొట్ట ఎత్తినప్పుడు కింది నుంచి తీయండి, పసుపు బ్రష్షులా ఉంటుంది. మామిడి పూత మీద ఈగలదే పెత్తనం, చీదరించుకోకుండా వాటినే తీయండి, కాయ కట్టడంలో వాటి చేయి పెద్దది. ఫిబ్రవరి, మార్చిలో మీ అడవంతా మోదుగ. అది పక్షుల పువ్వు, తేనెపిట్టల కోసం 250 మి.మీ. లెన్స్‌ను ఏ అదనపు గాజూ లేకుండా వాడండి. వేసవి మొదట్లో వేప పూత, ఇప్ప పూత. ఇప్పపువ్వు రాత్రిది, గబ్బిలాలు వస్తాయి. తెల్లవారుజామున రాలుతుంది, ఏరుకునేవారి కన్నా ముందు చేరాలి, వారి గంపలకు అడ్డం రాకూడదు.

ఏడాది పొడుగునా కావాలంటే గట్ల మీది గడ్డి చామంతి. గోరంత పువ్వు, జుంటి తేనెటీగ రోజూ వస్తుంది. నేర్చుకోవడానికి అంతకు మించిన బడి లేదు.

ప్రశ్న: పూల మీద తేనె చల్లితే పురుగులు ఆగుతాయంటున్నారు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కదలవని కూడా విన్నాను. పెద్ద తేనెతుట్టె దగ్గరికి ఎంత దూరంలో వెళ్లొచ్చు?
– వరంగల్

జవాబు: మొదటి రెండూ చేయకండి. చల్లిన తేనె చీమలను పిలుస్తుంది, తేనెటీగల రోగాలను ఒక తుట్టె నుంచి ఇంకొక దానికి మోస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పురుగు కాళ్లు ముడుచుకుని ఉంటుంది, తెలిసినవారి కంటికి ఫొటోలో అది వెంటనే దొరుకుతుంది. పురుగును హింసించి తీసిన ఫొటోను ఈ శీర్షికలో వేయం.

పువ్వు మీద ఉన్న తేనెటీగ తన పనిలో ఉంటుంది, మీ జోలికి రాదు. తుట్టె దగ్గర అలా కాదు. బండల అంచున, నీళ్ల ట్యాంకుల కింద వేలాడే పెద్ద తేనెటీగల తుట్టెను దూరం నుంచి జూమ్ లెన్స్‌తో మాత్రమే తీయండి. ఫ్లాష్ వద్దు, సెంటు వద్దు. ఒకటి కుట్టినా ఆ వాసనకు మిగతావి లేస్తాయి కాబట్టి విదిలించుకుంటూ నిలబడకుండా వెంటనే ఇంట్లోకో కారులోకో పరుగెత్తండి. ముల్లును గోరుతో గీకి తీసేయండి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్.

ప్రశ్న: గుమ్మడి పువ్వు తీస్తుంటే లెన్స్ మీద పసుపు పొడి పడింది. రుమాలుతో తుడిస్తే మరకయింది.
– నర్సంపేట

జవాబు: పుప్పొడి చుట్టూ సన్నటి నూనె పొర ఉంటుంది, గుమ్మడిలో మరీ జిగట. రుద్దితే పరుచుకుంటుంది. ముందు లెన్స్‌ను నేలవైపు వంచి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, తరువాత మెత్తటి బ్రష్, ఆఖరున లెన్స్ ద్రవం రెండు చుక్కలు గుడ్డ మీద వేసి (గాజు మీద కాదు) మధ్య నుంచి అంచుకు తిప్పుతూ తుడవండి. నోటితో ఊదొద్దు. చేనులో లెన్స్ మార్చాల్సి వస్తే కెమెరా ఆపి, మూతిని కిందికి తిప్పి, గాలికి వీపు పెట్టి మార్చండి. ట్యూబులు బిగించేముందు వాటి లోపల కూడా ఊదాలి, ఎక్కువ పొడి దాక్కునేది అక్కడే.